అమ్మ వెన్నులో మచ్చ: పాత రిపోర్టు ఇప్పుడు పనికొస్తుందా?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్లు. నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 1+ అని ఉంది (ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లను అందుకునే ప్రొటీన్లట, హెర్2 కణాన్ని పెంచే ఇంకో ప్రొటీనట). అప్పటి నుంచి రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటోంది. రెండు నెలలుగా నడుము నొప్పి. స్కాన్‌లో వెన్నుపూసలో మచ్చ కనిపించింది. ముక్క తీసి పరీక్ష చేయాలన్నారు డాక్టరు గారు. "పాకేటప్పుడు కణాల్లో జన్యువుల నియంత్రణ మారుతుంది, పాత రిపోర్టునే నమ్ముకోలేం" అన్నారు. ఈ మాట ఇంట్లో చెప్పానో లేదో, మా మేనత్త "జన్యువులంటే వంశంలో వచ్చేదే కదా" అని అందుకుంది. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం. నాన్నేమో పుత్తూరు కట్టు వేయిద్దామంటున్నారు. నాకు తల తిరిగిపోతోంది.

జవాబు (తిరుపతి, పాథాలజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన వాణ్ణి)

కట్టు సంగతి ముందు చెబుతానమ్మా. చెయ్యి విరిగితే మా ఇంట్లోనూ పుత్తూరే వెళ్లాం. కానీ ఇది వేరు. ఆ మచ్చ ఏమిటో తేలేదాకా కట్టు, మర్దన ఏదీ వద్దు. క్యాన్సర్ చేరిన పూస గుల్లబారి ఉంటుంది, కాస్త నొక్కినా విరగవచ్చు. కాళ్లు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక నియంత్రణ. తిరుమల పోటు, అంటే లడ్డూలు చేసే వంటశాల గురించి విన్నవారికి ఇది తేలికే. ఉగ్రాణంలో, అంటే సరుకుల గదిలో శనగపిండి, చక్కెర, నెయ్యి, యాలకులు అన్నీ ఉంటాయి. ఏది ఎంత బయటికి తీయాలో చెప్పేది దిట్టం. మన ఒంట్లో దాదాపు అన్ని కణాలకూ ఉగ్రాణం, అంటే డీఎన్‌ఏలోని జన్యువులు ఒక్కటే, ఏవి తెరవాలో చెప్పే దిట్టాలే వేరు. పాలనాళపు కణం దిట్టంలో ఈ-క్యాధెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పక్క కణాన్ని గట్టిగా పట్టుకునేది అదే. స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే నియంత్రక ప్రొటీన్లు విజృంభిస్తే ఈ-క్యాధెరిన్ జన్యువు మూతపడుతుంది. పట్టు సడలిన కణం కదలడం మొదలుపెడుతుంది. ఇవి క్యాన్సర్ కోసం పుట్టినవి కావు. పిండం రూపు కట్టేటప్పుడు కణాలను చోటు మార్చి నడిపించేవి ఇవే. ట్విస్ట్‌ను మొదట కనుక్కున్నది పండ్ల ఈగ పిండాల్లో! 2004లో ఎలుకల రొమ్ము కణితుల్లో దాన్ని అణచి చూస్తే, ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. ఇంకో విచిత్రం, కొత్తచోట దిగిన కణం చాలాసార్లు మళ్లీ పాత దిట్టానికే వచ్చి అక్కడ గూడు కట్టుకుంటుంది. అంటే డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారకుండానే ఇంత నడుస్తుంది.

ఈఆర్ కూడా నియంత్రకమే. ఈస్ట్రోజెన్ తగలగానే డీఎన్‌ఏ మీద కూర్చుని కణం పెరగడానికి కావలసిన జన్యువులను తెరుస్తుంది. లెట్రోజోల్ ఆ ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తుంది. కొన్నేళ్లకు కొన్ని కణాలు ఈఆర్‌ను వదిలేసుకుంటాయి. మరికొన్నింటిలో ఈఆర్‌ను తయారుచేసే ఈఎస్‌ఆర్1 జన్యువులో అక్షరమే మారి, ఈస్ట్రోజెన్ లేకున్నా ఈఆర్ పనిచేస్తూ పోతుంది. ఏది జరిగిందన్నదాన్ని బట్టే మందు. అందుకే కొత్త ముక్క అడిగారు, మీ డాక్టరు గారు సరిగ్గానే చెప్పారు. హెర్2 1+ను అప్పట్లో నెగటివ్ లెక్కలో వేసేవారు. 2022లో, పాకిన జబ్బులో ఇలాంటి తక్కువ హెర్2కు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందును అమెరికాలో అనుమతించారు. కాబట్టి ఈసారి ఆ అంకె కూడా జాగ్రత్తగా చూడండి.

ఒక ల్యాబ్ రహస్యం. ఎముక ముక్కను కోయడానికి వీలుగా ఆమ్లంలో నానబెట్టి కాల్షియం తీస్తారు. ఆమ్లం ఘాటైతే ఈఆర్, హెర్2 ఉన్నా లేనట్టు చూపవచ్చు. ఈడీటీఏ అనే ద్రావణం అంత ఘాటుగా ఉండదు. "ఈ ముక్కకు ఈఆర్, హెర్2 పరీక్షలు ఉన్నాయి, ఈడీటీఏలో నానబెడతారా?" అని ముందే అడగండి.

జవాబు (పలమనేరు, అదే జబ్బు దాటిన టీచర్‌ని)

చెల్లీ, మేనత్త గారి మాటకు బెంగపడకు. కణితిలో వచ్చిన ఈ మార్పులు అమ్మ కణితిలోనే ఉంటాయి, పిల్లలకు రావు. వంశంలో వచ్చేది బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లో పుట్టుకతో ఉండే లోపం. నూటికి ఐదు నుంచి పది కేసులే అలాంటివి. ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, మగవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ముందు అమ్మ రక్తానికే ఆ పరీక్ష చేయిస్తారు. అన్నట్టు, బీఆర్‌సీఏ లోపం నాన్న వైపు నుంచీ రాగలదు. ఈ మాట మీ మేనత్తకు తప్పక చెప్పు.

పాత ఆపరేషన్ తాలూకు మైనపు బ్లాకు, అంటే అప్పటి కణితి ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మ తెచ్చుకో. కొత్తదాంతో పోల్చి చూస్తారు. నాకైతే ఒక ఆస్పత్రిలో మూడుసార్లు తిప్పి గానీ ఇవ్వలేదు, కాబట్టి దరఖాస్తు రాసి పట్టుకెళ్లు.

అడిగినవారు

అక్కా, పెద్దాయన గారూ, చాలా సంతోషం. నాన్నకు చదివి వినిపించాను, కట్టు మాట మానేశారు. ఆ మచ్చ క్యాన్సర్ కాకపోవచ్చా?

తిరుపతి నుంచి

కాకపోవచ్చు. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది, కీళ్లనొప్పులూ తెస్తుంది. బలహీనపడిన పూస తనంతట తానే నలిగినా స్కాన్‌లో మచ్చలా కనిపించవచ్చు. ముక్క తీసి చూస్తేనే ఖాయం. అప్పటిదాకా మాత్ర మాత్రం మీరుగా ఆపకండి.

బ్లాకు తెచ్చేటప్పుడు స్కూటర్ డిక్కీలో పెట్టి ఎండలో వదలకండి. మన చిత్తూరు ఎండకు మైనం మెత్తబడుతుంది.