మొబైల్ పేటెంట్ల రాబడిలో పెద్ద వాటా ఎవరికి దక్కుతుంది?

ప్రశ్న:
5జీ ప్రమాణానికి తప్పనిసరి అని (అంటే అవి వాడకుండా 5జీ ఫోను తయారు చేయలేమని) ప్రకటించిన పేటెంట్ల సంఖ్యలో చైనా సంస్థ హువావే ముందు వరుసలో ఉన్నది కనుక, రాయల్టీలలో కూడా రానున్న కాలం దానిదేనని నా అభిప్రాయం. ఏకీభవించనివారు కారణాలు చెప్పగలరు.

సమాధానం 1:
సంఖ్యను చూసి రాబడిని అంచనా వేయడం సరికాదు. ఏ పేటెంటు తప్పనిసరో సంస్థలు తమంతట తామే ప్రకటించుకుంటాయి. ఆ మాట ఎంతవరకు నిజమో ప్రమాణాల సంస్థ పరీక్షించదు. మనం చూడవలసింది ఒక్కొక్క ఫోనుపై ఎవరు ఎంత అడుగుతున్నారన్నది. హువావే 2021లో 5జీ ఫోనుకు 2.5 డాలర్లు మించబోమని ప్రకటించింది. నోకియా 2018లో 3 యూరోలను, ఎరిక్సన్ 2017లో ఖరీదైన ఫోన్లకు 5 డాలర్లను పేర్కొన్నాయి. ఫోన్ల చిప్‌లు కూడా అమ్మే అమెరికా సంస్థ క్వాల్‌కామ్ మాత్రం ఫోను ధరలోనే వాటా అడుగుతుంది: పాత తరాల నెట్‌వర్కులపై కూడా పనిచేసే 5జీ ఫోనుకు, ప్రమాణానికి తప్పనిసరైన పేటెంట్ల వరకే 3.25 శాతం. లెక్కలోకి తీసుకునే ధరకు 400 డాలర్ల హద్దు ఉన్నా, అది 13 డాలర్ల దాకా వస్తుంది. బేరసారాల తరువాత అసలు చెల్లింపులు తగ్గవచ్చు గాని, ఇంతటి అంతరం పూర్తిగా చెరిగిపోతుందని నేను అనుకోను.

పైగా క్వాల్‌కామ్ లైసెన్సు పద్ధతి న్యాయస్థానంలో గట్టి పరీక్షకు నిలిచింది. తన పేటెంట్లకు లైసెన్సు తీసుకోనివారికి ఆ సంస్థ చిప్‌లు అమ్మకపోవడం పోటీ చట్టానికి విరుద్ధమని 2019 మేలో అమెరికా జిల్లా న్యాయస్థానం తీర్పునివ్వగా, 2020 ఆగస్టులో అప్పీలు న్యాయస్థానం దానిని కొట్టివేసింది. చిన్న తయారీదారుల పక్షాన ఆలోచిస్తే ఆ రెండవ తీర్పు నాకు నేటికీ బాధ కలిగిస్తుంది. అయితే లాభం ఎవరిదన్న ప్రశ్నకు నా బాధ జవాబు కాదు.

ప్రశ్న వేసినవారు:
యాపిల్ 2025లో ఐఫోన్ 16ఈలో సొంత మోడెమ్‌ను (ఫోనును నెట్‌వర్కుతో కలిపే చిప్‌ను) ప్రవేశపెట్టింది కదా? క్వాల్‌కామ్‌కు అంత పెద్ద కొనుగోలుదారు చేజారితే మీ లెక్క నిలుస్తుందా?

సమాధానం 1 రాసినవారు:
చేజారేది చిప్‌ల అమ్మకం. పేటెంట్ల లైసెన్సు వేరు. మోడెమ్ ఎవరు తయారు చేసినా, అందులో వాడే పద్ధతులపై హక్కు క్వాల్‌కామ్‌కు ఉన్నంతకాలం రాయల్టీ చెల్లించవలసిందే. 2019 ఏప్రిల్‌లో ఆ రెండు సంస్థలు రాజీపడినప్పుడు లైసెన్సు ఒప్పందం, చిప్‌ల సరఫరా ఒప్పందం విడివిడిగా కుదిరాయి.

సమాధానం 2:
మొత్తం రాబడిలో క్వాల్‌కామ్‌దే పైచేయి అని ఒప్పుకుంటాను. కానీ నోకియాను ఇంత తేలికగా దాటిపోకండి. 2014లో ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మివేస్తూ పేటెంట్లను తన వద్దే ఉంచుకున్నది. ఫోన్లు అమ్మే సంస్థ ఇతరుల పేటెంట్లకు తానూ చెల్లించాలి, లేదా పరస్పర లైసెన్సులతో సరిపెట్టుకోవాలి. ఫోన్లే అమ్మని నోకియాకు ఆ వైపు నుంచి ఒత్తిడి లేదు కనుక, వచ్చిన రాయల్టీలో మిగులు ఎక్కువ. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లే కాబట్టి, 3జీ కాలపు హక్కులు ఇద్దరికీ కరిగిపోతున్నాయి. ఆ ఖాళీని 6జీ పరిశోధనతో ఎవరు ముందు నింపుతారన్న దానిపైనే నా దృష్టి ఉన్నది.