బోరు నీళ్లలో కుంకుడు పులుసుతో తలంటుకుంటే జుట్టు చీపురులా అవుతోంది, ఎక్కడ తేడా?

ప్రశ్న – నిజాంపేట్ వాసి

హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. షాంపూ మానేసి కుంకుడుకాయకు మారాం. నడుము దాకా జుట్టుకి 20 కాయలు చితక్కొట్టి, గింజలతో సహా అరగంట మరగబెట్టి, అందులోనే రెండు చెంచాల శీకాయ పొడి కలిపి రుద్దుతున్నాం. ముందు రోజు రాత్రి తల నిండా కొబ్బరినూనె. మొదట నురగే రాదు, ఇంకా పోస్తూ పోతే వస్తుంది. ఆరాక చివర్లు చీపురు, కుదుళ్ల దగ్గర జిడ్డు. దువ్వితే గోధుమరంగు పొడి రాలుతోంది. ఇది చుండ్రేనా? ఇంకోటి, బయట కొన్న సున్నిపిండి రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం మండుతోంది. ఇంట్లో చేసుకోవాలంటే కొలతలు చెప్పండి.

జవాబు – తలంటు

చుండ్రు కాదండీ, అది శీకాయ పొడే. వడకట్టని పొడి ఎంత కడిగినా కుదుళ్లలో ఉండిపోతుంది. శీకాయ వేయాలనుకుంటే పొడి వద్దు, నాలుగైదు ఎండుకాయలు కుంకుళ్లతో పాటే నానబెట్టండి.

గింజలు తీసేయండి. నురగనిచ్చే సపోనిన్ అంతా పైతొక్కలోనే ఉంటుంది. గింజలోని పప్పులో ఉండేది నూనె, చితికితే అదీ పులుసులోకి దిగుతుంది. కాయ కొనేటప్పుడు నొక్కి చూడండి. కొత్త కాయ లేత గోధుమరంగులో, కాస్త బంకగా ఉంటుంది. నల్లబడి రాయిలా బిగిసిన పాతవాటితో నురగ తక్కువ.

నడుము దాకా జుట్టుకి 12 నుంచి 15 కాయలు చాలు. తొక్కల మీద అర లీటరు వేడినీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున చేత్తో బాగా పిసికి పల్చటి నూలుగుడ్డలో వడకట్టండి. అరగంట మరిగిస్తే పులుసు చిక్కబడుతుంది, చిక్కటి పులుసు జుట్టుకున్న సహజమైన నూనెను కూడా లాగేస్తుంది. మీ చివర్లు గరుకెక్కడానికి సగం కారణం ఇదే. వడకట్టాక మరో అర లీటరు గోరువెచ్చని నీళ్లు కలపండి. శీకాయ కూడా ఉంటే ఇనుప గిన్నె వాడొద్దు, పులుసు నల్లబడుతుంది. స్టీలు గిన్నె మంచిది.

నూనె రాత్రంతా అక్కర్లేదు. మూడు చెంచాలు, గంట ముందు, అంతే. పులుసును రెండు భాగాలు చేసుకోండి. మొదటి చేతికి నురగ రాదు, రాకపోయినా కంగారు పడొద్దు, అది నూనెను తీసుకుపోతుంది. కడిగేసి రెండో భాగం పోస్తే నురగ వస్తుంది. మీరు మధ్యలో కడగకుండా పోస్తూనే ఉన్నారు కాబట్టి ఆ నూనె కుదుళ్లలోనే తిరుగుతోంది. కుదుళ్ల దగ్గరే రుద్దండి, చివర్లకు జారే నురగ చాలు.

ఐదారు మందారాకులు నలిపి ఆ జిగురు పులుసులో కలిపితే చిక్కులు బాగా తగ్గుతాయి. తల వెనక్కి వాల్చి పోసుకోండి. కళ్లలో పడితే వెంటనే మంచినీళ్లతో కడగాలి. నోట్లో ఉప్పుకల్లు వేసుకోమంటారు గానీ దానివల్ల కంట్లో పడ్డ పులుసు పోదు కదా. వారానికి ఒకసారి, మరీ చెమట పడితే రెండుసార్లు.

జవాబు – మంచినీళ్లు

పైన చెప్పినవన్నీ సరే, నీళ్ల సంగతి కూడా చూడాలి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బుతో అయితే అవి కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. కుంకుడు పులుసు అలా తెట్టు కట్టదు, కాబట్టి బోరు నీళ్లున్నవాళ్లకు సబ్బు కన్నా ఇదే నయం. కానీ కడిగిన నీళ్లు ఆరాక ఆ లవణాలు వెంట్రుక మీద మిగిలి గరుకు చేస్తాయి.

నల్లాలో మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చే రోజు ఒక బకెట్ పట్టి పెట్టుకుని తలంటుకు అవే వాడండి. అదీ లేకపోతే నీళ్లు మరిగించి చల్లార్చి, గిన్నె అడుగున తెల్లగా పేరుకున్నది కదపకుండా పైతేట వంచుకోండి. కొంత కాఠిన్యం తగ్గుతుంది, మొత్తం పోదు. చివరి రెండు చెంబులు మాత్రం ఆర్‌ఓ నీళ్లు. లీటరు నీళ్లలో అర చెక్క నిమ్మరసం వడకట్టి పోసుకుని, నిమిషం ఆగి మళ్లీ నిమ్మరసం లేని ఆర్‌ఓ నీళ్లతో కడిగేస్తే చివర్లు మెత్తబడతాయి. నురగ కోసం వంటసోడా కలపమని కొందరంటారు, దయచేసి వద్దు. క్షారం వల్ల వెంట్రుక పైపొర లేచి ఇంకా చిక్కుపడుతుంది.

జవాబు – గిర్నీ పట్టించినది

సున్నిపిండి పొట్లం మీద బావంచాలు (ఒక మూలిక గింజలు) అని ఉందేమో చూడండి. ఎండలో మండుతోందంటే మొదట అనుమానించాల్సింది వాటినే. వాటిలోని సోరాలెన్ అనే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కమిలిపోతుంది, మచ్చలు కూడా పడతాయి. ముందు ఆ పిండి ఆపేయండి. నిమ్మరసం ముఖానికి నేరుగా రాసి బయటికి వెళ్లడమూ ఇలాంటిదే.

కొలత: పెసలు అర కిలో, శెనగపప్పు పావు కిలో, బియ్యం 100 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, కస్తూరి పసుపు 50 గ్రాములు, ఎండు గులాబీ రేకులు 50 గ్రాములు, వట్టివేళ్లు 25 గ్రాములు. మూలికలు బేగంబజార్‌లోనో మోండా మార్కెట్‌లోనో దొరుకుతాయి. వంట పసుపు వేస్తే ముఖం, తువ్వాలు రెండూ పచ్చబడతాయి. వట్టివేళ్లు కత్తెరతో చిన్నగా కోయకపోతే పిండిలో పీచు మిగిలి గీసుకుంటుంది. అన్నీ విడివిడిగా, వేలితో విరిస్తే పటుక్కుమనేదాకా ఎండాలి. తేమ ఉంటే వానాకాలంలో పురుగు ఖాయం.

గిర్నీలో మీకు ముందు ఏం పట్టారో తప్పకుండా అడగండి. కారం పట్టిన వెంటనే మీది వేస్తే ఒళ్లంతా మంటే. గోధుమలు పట్టాక వేయించుకోండి, మొదట పడే గుప్పెడు పిండి పక్కన పెట్టేయండి. ముఖానికి వాడేది పల్చటి గుడ్డలో మళ్లీ జల్లించాలి, మిగిలిన రవ్వ కాళ్లకూ చేతులకూ వస్తుంది. ఒక చెంచా పిండి పెరుగుతో కలిపి తడి ముఖానికి రాసి, బిగుసుకోకముందే నీళ్లతో జార్చేయండి. ఎండిపోయాక రుద్దితే పొడిచర్మం ఇంకా పొడిబారుతుంది. మొదటిసారి మోచేతి లోపలివైపు కొంచెం రాసి కడిగేసి, ఒక రోజు ఆగి చూడండి.

ప్రశ్న – నిజాంపేట్ వాసి

పొట్లం మీద బావంచాలు ఉందండీ, పక్కన పెట్టేశాం. పులుసు వారానికి సరిపడా ఒకేసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు – తలంటు

రెండు రోజులకు మించి వద్దు. పుల్లటి వాసన వచ్చినా, పైన తెల్లటి పొర కట్టినా పారబోయండి. ఎక్కువ చేయాల్సి వస్తే నీళ్లు కలపకముందే, వడకట్టిన చిక్కటి పులుసును ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. కావలసినన్ని ముక్కలు తీసి వేడినీళ్లలో వేసుకోవచ్చు. ట్రే మీద పేరు రాసి పెట్టండి, చింతపండు పులుసు అనుకుని ఎవరైనా చారులో వేసేస్తారు.