గ్రామసభ అజెండాలోకి పిల్లల విషయం ఎక్కించేదెట్లా?

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది చిత్తూరు పక్కన ఒక పంచాయతీ. మామిడి సీజన్ వస్తే మా వీధి ఆడవాళ్లంతా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతారు. తెల్లారకముందే ఆటో ఎక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడతాది. అంగన్‌వాడీ మూసేసినాక పిల్లలు రోడ్డు మీదే. ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాలును ఆ నాలుగు నెలలైనా పిల్లలకు ఇమ్మని మా కోరిక. గ్రామసభలో లేచి అడిగితే "చూద్దాం లేమ్మా" అన్నారు, తీర్మానం రాయలేదు. సీసీ రోడ్ల మాటైతే మాత్రం గబగబా రాసేసుకున్నారు!

అర్జీ ముందే సర్పంచికి ఇవ్వాల్నా, కార్యదర్శికా? ఎంతమంది సంతకాలుంటే పట్టించుకుంటారు? సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో వేస్తే మళ్లీ ఈ పంచాయతీకే తిప్పి పంపుతారంట, నిజమేనా?

ఇంకోటి. ఇద్దరు పిల్లల నిబంధన 2024లో ఎత్తేసినారు కాబట్టి ముగ్గురు బిడ్డల తల్లినైనా వార్డు మెంబరుగా నిలబడొచ్చని మావాళ్లు ఎగదోస్తున్నారు. సగం సీట్లు ఆడవాళ్లవే. (కుర్చీలో మొగుడు కూర్చునే సంగతి వేరే.) ముందు బడి తల్లిదండ్రుల కమిటీలో చేరి అలవాటు పడమంటారా, నేరుగా నామినేషన్ వేయమంటారా? వార్డు మెంబర్లుగా చేసిన అక్కలుంటే కాస్త చెప్పండి.