బ్లఫ్‌కి మన మాటేటి? బుకాయింపు సరిపోవట్లేదు

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మాది విజయనగరం. ఒక్క మాట దగ్గర ఆగిపోయి ఉన్నాను, సాయం కావాలి.

మా తమ్ముడూ నేనూ నెట్‌రన్నర్ అని ఒక పేకాట ఆడతాం. డబ్బులు పెట్టి ఆడేది కాదు. కథ రాబోయే కాలంలో జరుగుతుంది, పెద్ద పెద్ద కంపెనీలు లోకాన్ని ఏలుతుంటాయి, వాటి కంప్యూటర్లలోకి చొరబడే హ్యాకర్‌ని రన్నర్ అంటారు. ఇద్దరే ఆడాలి, ఒకరు కంపెనీ ఒకరు రన్నర్, ఎవరి రూల్సు వాళ్ళవి, మన పులిమేకలో పులికొక నడక మేకకొక నడక ఉన్నట్టే. 1996లో రిచర్డ్ గార్ఫీల్డ్ చేసిన ఆట, 2012లో మళ్ళీ కొత్తగా వచ్చింది, 2018లో అచ్చు వేసేవాళ్ళు ఆపేస్తే ఆడేవాళ్ళే ఒక సంఘంగా ఏర్పడి నడుపుకుంటున్నారు, ముక్కల ఫైలు ఉచితంగా పెడతారు, మేము జెరాక్స్ షాపులో తీయించి కత్తిరించుకున్నాం.

సెలవులకి మా మేనత్త పిల్లలు వచ్చారు, తెలుగు మీడియం, వాళ్ళకోసం రూల్సు తెలుగులో రాస్తున్నాను. చాలావరకు మాటలు దొరికీసాయి. రన్ చేయడానికి "కన్నం వేయడం" అన్నాను, వెంటనే పట్టీసుకున్నారు. ముక్కని బోర్లా పెట్టడం ఎలాగూ మన మాటే. బ్లఫ్ దగ్గరే ఆగింది.

సంగతేంటంటే, కంపెనీవాడు ఒక ముక్కని బోర్లా పెడతాడు, వాడికి వంతుకి 3 పనులు, ఒక పనీ ఒక ఆట రూపాయీ ఖర్చుపెడితే ఆ ముక్క మీద ఒక గింజ పెట్టొచ్చు, మేము చింతపిక్కలు వాడతాం. కావలసినన్ని పిక్కలు పడితే ఆ ముక్క మీదున్న పాయింట్లు వాడివి, 7 వస్తే గెలుపు. ఈలోగా రన్నర్ కన్నం వేసి తిరగేస్తే ఆ పాయింట్లు రన్నర్‌వి. అయితే కొన్ని ముక్కలు పాయింట్లవి కావు, రన్నర్‌కి ఉచ్చుగా పెట్టినవి, వాటిలో కొన్నిటి మీద కూడా పిక్కలు పెట్టొచ్చు, పెట్టేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. దెబ్బకొక ముక్క చొప్పున రన్నర్ చేతిలోంచి పోతాయి, చేతిలో ఉన్న ముక్కల కంటే దెబ్బలు ఎక్కువైతే ఆట అక్కడితో సరి, రన్నర్ చచ్చినట్టే.

ఇదంతా ఒక్క మాట కూడా మాట్లాడకుండా జరుగుతుంది. నేను "బుకాయించాలి" అని రాసాను. పిల్లలు చదివి ఏం చేసారంటే, ముక్క పెట్టడం "ఇందులో ఏటీ లేదురా, ఒట్టు" అని నోటితో అబద్ధాలు మొదలెట్టారు. తప్పు వాళ్ళది కాదు, ఆ మాటలోనే అలా ఉంది. మరి నోరు మెదపకుండా చేసే బ్లఫ్‌కి మనకి మాట లేదా?

పాలకొండ మాస్టారు: బాబూ, మంచి చోట పట్టుకున్నావు. దబాయించు, చలాయించు, బనాయించు ఇవన్నీ దబానా చలానా బనానా అనే హిందీ మాటల నుంచి వచ్చాయి, బుకాయించు కూడా అదే అచ్చులో పోసినట్టుంటుంది. పుట్టుక సంగతి అలా ఉంచి వాడుక చూడు. ముందు ఎవడో నిలదీయాలి, అప్పుడు కదా బుకాయించేది. నిలదీయకుండా బుకాయింపు లేదు. దబాయింపుకి గొంతు కావాలి. కోతలు కోయడానికి వినేవాడు కావాలి. బొంకు కూడా అంతే, భాగవతంలో శుక్రాచార్యుడు బలికి ఎప్పుడెప్పుడు "బొంకవచ్చు"నో లెక్క చెప్పిన పద్యం గుర్తుచేసుకో, అదీ ఇచ్చిన మాట తప్పడం గురించే. మనవాళ్ళ దృష్టిలో మోసం నోట్లో పుడుతుంది. అందుకే నీకు దొరకట్లేదు.

ఆమదాలవలస నుంచి: మూడు ముక్కలాటలో బ్లఫ్ కొట్టాడు అనే అంటాం కదండీ, మా తాతల నాటి నుంచీ అదే మాట, తెలుగయిపోయింది, దాన్నే ఉంచీయొచ్చు కదా.

పోస్టు పెట్టినవాడు: ఉంచీయొచ్చు అన్నయ్యా, ఆ మాటతో నాకు గొడవేం లేదు. కాకపోతే మూడు ముక్కలాటలో బ్లఫ్‌కి దిక్కు ఒక్కటే, చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచడం. ఇక్కడ రెండు వైపులా ఉంది. ఉచ్చుని నిధిలా చూపించడం ఒకటి, నిధిని పనికిరాని ముక్కలా వదిలేయడం ఇంకొకటి. రెండోదాన్ని బ్లఫ్ కొట్టాడు అంటే పిల్లలకి ఎక్కట్లేదు, కొట్టడం అంటే ఏదో చేయాలి కదా, వాడేమీ చేయలేదు, ఊరికే వదిలేసాడు.

బొబ్బిలి అక్క: ముందు ఉచ్చుల సంగతి తేల్చండి, మీరు అన్నిటినీ ఒకే మాటతో కానిచ్చేస్తున్నారు. మా నాన్న చెరువులో చేపలు పట్టేవాడు, పొలంలో ఎలకలకి ఉచ్చులూ పెట్టేవాడు, ఆయన దగ్గర ఒక్కోదానికి ఒక్కో మాట, ఏదీ ఇంకోదానికి బదులు రాదు. వల అంటే దారికి అడ్డంగా ఉంటుంది, ఎర ఉండదు, ఎవరు వచ్చినా పడతారు. ఉచ్చు అలా కాదు, ముడి వేసి వదిలేస్తే పడినది గింజుకున్నకొద్దీ దాని బలంతోనే బిగుసుకుంటుంది. బోనుకి ఎరా కావాలి తలుపూ కావాలి, పెట్టినవాడు ఇంటికెళ్ళి పడుకోవచ్చు. గాలం అయితే పెట్టినవాడు గట్టు మీద కూర్చోవాలి, ఎర్రని గుచ్చి, దారం పట్టుకుని, చేప ముట్టినప్పుడు లాగాలా వద్దా అని వాడే తేల్చుకోవాలి. మీ ముక్కల్లో ఏది ఎందులోకి వస్తుందో చూడండి, చూసాక పేరు పెట్టండి.

పోస్టు పెట్టినవాడు: అక్కా, ఇది చదివి రాత్రి ముక్కలన్నీ మంచం మీద పరిచి కూర్చున్నాను. స్నేర్ అని ఒక ముక్క ఉంది, ఇంగ్లీషులో దాని పేరుకి అర్థం ఉచ్చనే. కానీ మీ లెక్కలో అది గాలం! ఎందుకంటే రన్నర్ దాన్ని ముట్టుకున్నప్పుడు కంపెనీవాడు 4 రూపాయలు కట్టి లాగాలి, కడితే 3 దెబ్బలు, పైగా రన్నర్ ఆచూకీ తెలిసిపోయినట్టు ఒక గుర్తు పడుతుంది. కట్టకపోతే ఏమీ లేదు. అందుకే ఆడేవాళ్ళు కంపెనీవాడి దగ్గర 4 ఉన్నాయా 3 ఉన్నాయా అని లెక్కపెట్టుకుని మరీ వెళ్తారు. స్నేర్ చేతిలో లేకపోయినా కావాలని 4 దాచుకుని కూర్చునేవాళ్ళూ ఉన్నారు. రన్నర్ ముట్టుకున్నప్పుడు అది కంపెనీవాడి చేతిలో ఉన్నా పనిచేస్తుంది, పేకలో ఉన్నా పనిచేస్తుంది, పారేసిన కుప్పలో మాత్రం పనిచేయదు.

ఉర్టికా సైఫర్ అనే ఇంకో ముక్క అచ్చంగా బోను. కంపెనీవాడు పైసా కట్టక్కర్లేదు, బోర్లా పెట్టి ఉన్నప్పుడు ముట్టుకుంటే 2 దెబ్బలు, పైన ఉన్న పిక్కకొకటి చొప్పున అదనం. అంటే ఒకే వంతులో పెట్టి రెండు పిక్కలు వేస్తే 4 దెబ్బలు. చేతిలో 4 ముక్కలుంటే రన్నర్ బతుకుతాడు, 3 ఉంటే పోతాడు. ఈ లెక్క పిల్లలకి మొదటి పేజీలోనే రాసాను. పిక్కలు పెట్టడాన్ని "మేపడం" అన్నాను, మా తమ్ముడు ఆటలో అనేసిన మాట, బోనులో ఎరని మేపడం.

నరసరావుపేట నుంచి రాజాం వచ్చిన కోడలు: మీరు వలలూ గాలాలూ అంటున్నారు, అసలు బోర్లా పెట్టడానికే మా పుట్టింటి వైపు మాట ఒకటి ఉంది కదా, పాతర. గొయ్యి తవ్వి జొన్నలు పోసి పైన మట్టి కప్పేస్తే పాతర. పైకి చూస్తే నేలే. ధాన్యం పోసినా పాతరే, మందు పెట్టినా పాతరే, మందుపాతర అన్నప్పుడు ఆ మాట ఇదేగా. పైన నిలబడ్డవాడికి రెండూ ఒకటే నేల, తవ్వితే తప్ప తెలియదు. మీ ఆట అంతా ఇదే అనిపించింది నాకు.

ఇంకోటి కూడా చెప్పాలి. మా తాతయ్య పాతర తీయించినప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మూత తీసి చాలాసేపు అలా వదిలేసి, దీపం కిందికి దించి చూసి, అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దింపేవాడు. మూసిన గోతిలో గింజ ఊపిరి తీసుకుంటూ గాలిని చెడగొట్టేస్తుంది, ఆత్రంగా దిగినవాళ్ళు పడిపోయి చనిపోయిన సంగతులు ఉన్నాయి. అంటే మందు అక్కర్లేదు, మంచి ధాన్యమే ప్రాణం తీస్తుంది.

పోస్టు పెట్టినవాడు: వదినా, మీకెలా చెప్పను, ఈ ఆటలో జింటెకి అనే కంపెనీకి ఉన్న ఒక రూపం అచ్చు ఇదే! ఆ రూపం ఎంచుకుని ఆడితే నిజం పాయింట్ల ముక్కని రన్నర్ ఎత్తుకెళ్ళినా వాడికి ఒక దెబ్బ తప్పదు, కంపెనీవాడు గెలుచుకున్నా రన్నర్‌కి ఒక దెబ్బ. నిధి దొరికినా ఊరికే పోనివ్వదు. ఇన్నాళ్ళూ పిల్లలకి "ఎందుకలాగ" అంటే చెప్పలేకపోయాను, ఇప్పుడు దీపం దించిన కథ చెప్తాను. పాతర ఖాయం. నిధి ఉంటే ధాన్యం పాతర, ఉచ్చు ఉంటే మందుపాతర.

నరసన్నపేట నుంచి: మా వైపు పాతరలు నాను చూడ్లేదు, గాదెలూ పురులే. అయినా పాతరేయడం అంటే అందరికీ తెలుస్తాది, పెట్టీండి.

సీతంపేట నుంచి: పాతర వరకు బాగుంది అన్నయ్యా. మందుపాతర మాత్రం పిల్లల ఆటలోకి తేవద్దని నా కోరిక. మా కొండ దారుల్లో ఆ మాటకి భయపడి బస్సు దిగి నడిచినవాళ్ళం, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఆ మాట అంటే మా అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. మాటలో అందం ఉంది, కాదనను. ఇంకోటి చూడండి.

పోస్టు పెట్టినవాడు: తీసేస్తున్నాను తమ్ముడూ. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

కొత్తవలస నుంచి, డిగ్రీ రెండో సంవత్సరం: నాకొకటి తోచింది, తప్పయితే మాస్టారు దిద్దండి. బ్లఫ్‌కి క్రియ వెతుకుతున్నాం కాబట్టి దొరకట్లేదేమో. దొంగనిద్ర, దొంగ ఏడుపు, దొంగ జపం, దొంగ దండం, వీటన్నిటిలో దొంగ అంటే దొంగతనం చేసేవాడు కాదు, పైకి ఒకటి లోపల ఒకటి అని. దొంగనిద్రలో మాట ఉండదు, పడుకున్నట్టు ఉండడమే. చిన్నప్పుడు మా అక్క చదవమంటుందని నేను చేసేదాన్ని, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకునేదాన్ని. మీరు చెప్పిన రెండోది, నిధిని మేపకుండా వదిలేయడం, అది దొంగనిద్ర కాదా? మొదటిది దొంగ పాతర అనుకోవచ్చు.

పోస్టు పెట్టినవాడు: అమ్మా, నువ్వు ముడి విప్పీసావు. నిజంగా అదే. 3 పిక్కలు చాలే పాయింట్ల ముక్కని ఈ వంతులో బోర్లా పెట్టి, పిక్క వేయకుండా, మిగతా రెండు పనులూ వేరే దేనికో వాడుకుంటాడు. రన్నర్ చూస్తాడు, మేపలేదు కాబట్టి ఇదేదో చిల్లర ముక్కని వదిలేస్తాడు. తర్వాతి వంతులో 3 పనులూ 3 రూపాయలూ దానిమీదే, టక్ టక్ టక్ మూడు పిక్కలు, పాయింట్లు వచ్చీసాయి. ముక్క కన్ను తెరిచినట్టే ఉంటుంది. ఇంగ్లీషులో ఆడేవాళ్ళు దీన్ని నెవర్ అడ్వాన్స్ అంటారు, ఏం చేయలేదో మాత్రమే చెప్తుంది ఆ పేరు. దొంగనిద్ర అంటే ఎలా ఉండాలో కూడా చెప్తుంది.

పాలకొండ మాస్టారు: తప్పేం లేదమ్మా, చక్కగా పట్టావు. కళ్ళు మూసుకున్నవాడు బుకాయించాడని ఎవరూ అనరు, దొంగనిద్ర పోయాడంటారు. నోటితో పని లేని మోసానికి మనవాళ్ళు క్రియ చేసుకోలేదు, చేసే పనికి ముందు దొంగ అని తగిలించారు. ఎక్కడ కావాలన్నా తగిలించుకోవచ్చు, అదే దాని సులువు.

బొబ్బిలి అక్క: పిల్లలు ఆడారా మరి? కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి.

పోస్టు పెట్టినవాడు: నిన్న సాయంత్రం ఆడారు అక్కా. పెద్దాడు రన్నర్, చిన్నది కంపెనీ. మొదటి ఆటలో అది ఒక ముక్క పాతరేసి రెండు పిక్కలు మేపింది, వాడు చేతిలో 3 ముక్కలతో ఆత్రంగా కన్నం వేసాడు, ఉర్టికా, 4 దెబ్బలు, అయిపోయాడు. "దీపం దించలేదు నువ్వు" అంది వాడితో, వదిన కథ చెప్పి ఉన్నాను కదా. రెండో ఆటలో వాడు జాగ్రత్త నేర్చుకున్నాడు, చేతిలో 5 నింపుకుంటే గానీ కదలట్లేదు, పిక్క పడిన ముక్క వైపు చూడనైనా చూడట్లేదు. ఇది గమనించి చిన్నది ముక్క పెట్టడం, మేపకుండా వదిలేయడం, మంచినీళ్ళకి లేచి వెళ్ళడం. మూడుసార్లు అలాగే చేసింది, 6 పాయింట్లు దొంగనిద్రలోనే తెచ్చుకుంది. ఆటంతా ఒక్కరూ నోటితో అబద్ధం చెప్పలేదు. బుకాయింపు అన్న మాట కాగితంలోంచి కొట్టేసాను.

పాలకొండ మాస్టారు: సంతోషం. ఒక్క సవరణ. దొంగనిద్ర ఎలాగూ కలిపే రాస్తాం, దొంగపాతర కూడా కలిపే రాయి. విడదీస్తే దొంగ తవ్వుకున్న పాతర అనుకుంటారు, అక్కడ నీ రన్నర్ కూడా దొంగే కాబట్టి పిల్లలు తికమకపడతారు.

పోస్టు పెట్టినవాడు: అలాగే మాస్టారూ, రెండు చోట్ల విడిగా రాసీసాను, రేపు షాపుకి వెళ్ళే ముందు దిద్దుతాను. ఆరు కాపీలు తీయిస్తున్నాను, సీతంపేట తమ్ముడికి కావాలంటే ఒకటి పంపుతాను, ఇన్‌బాక్స్‌లో చెప్పు.