హియరింగ్ ఎయిడ్ పెట్టుకోమన్నారు, వాడేవాళ్లు కాస్త చెప్పండి

సాగర్_48
అందరికీ నమస్తే. ఈఎన్‌టీ డాక్టర్ చూసి ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినపడుతుందో కొలిచే గ్రాఫు) తీయించారు. రెండు చెవుల్లోనూ నరం వైపు లోపం, పై ఫ్రీక్వెన్సీల్లో, అంటే సన్నని శబ్దాల్లో, ఎక్కువ, మందులతో తగ్గేది కాదు, రెండిటికీ మిషన్ పెట్టుకోండి అన్నారు. నా వయసు 48. నాకు చెవుడంటే నమ్మబుద్ధి కావట్లేదు, ఎందుకంటే శబ్దాలన్నీ వినపడతాయి. తలుపు చప్పుడు, ఫోన్ రింగు, పక్క గదిలో కుర్చీ జరిపినా తెలుస్తుంది. మనుషులు మాట్లాడితేనే ముక్కలు ముక్కలుగా అందుతుంది, అదీ ఒక్కరు ఎదురుగా కూర్చుంటే బానే ఉంటుంది, నలుగురు చేరితే ఇక అంతే. మీటింగుల్లో అందరూ నవ్వితే నేనూ నవ్వుతాను. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతుంది. ఇంట్లోవాళ్లేమో నీకు కావలసినవి మాత్రం భలే వినపడతాయి అంటారు.
నా డౌట్లు ఇవి. మిషన్ పెడితే చెవి బద్ధకించి ఉన్నది కూడా పోతుందా? ఆపరేషన్ లాంటిది ఏమీ లేదా? ఖర్చు తగ్గుతుంది కదా, ముందు ఒక చెవికే పెట్టి చూస్తే సరిపోదా?

రాణి_పి
సాగర్ గారూ, నా గ్రాఫు ముందు పెట్టుకుని రాశారా అనిపించింది. శబ్దం వినపడుతుంది, మాట అర్థం కాదు, మనలాంటివాళ్లందరిదీ ఇదే గొడవ. మాటలో బలమంతా అచ్చుల్లో ఉంటుంది, అవి కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, అవి మీకు అందుతున్నాయి కాబట్టి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. స, ష, త, చ, క లాంటివి సన్నగా పైన ఎక్కడో ఉంటాయి, ముందు పోయేవి అవే. దాంతో కప్పు, తప్పు రెండూ ఒక్కటే. పెదాలు చూసి, సందర్భం చూసి ఏమని ఉంటారో మెదడు ఊహిస్తూ ఉంటుంది, పొద్దుట్నించి అదే పని, సాయంత్రానికి తల దిమ్మెక్కక ఏమవుతుంది. నాకైతే ఎవరైనా పిలిస్తే వెళ్లడమే మానేసేదాకా వచ్చింది. వెళ్లి మూల కూర్చుని తల ఊపడం కన్నా ఇంట్లో ఉండటం నయం అనిపించేది, దాన్ని అందరూ పొగరు అనుకున్నారు.
కావలసినవే వినపడతాయి అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. వెలుతుర్లో ఎదురుగా ఒక్కరే మాట్లాడితే వినపడుతుంది, కుళాయి తిప్పి అటు తిరిగి మాట్లాడితే వినపడదు. ఇందులో కావాలని చేసేదేముంది?

ప్రదీప్_ఎన్
నేను వేరే మాట చెప్తా, తిట్టుకోకండి. మా నాన్నగారికి కొన్నాం. పెట్టుకుంటే కాగితం మడిచినా చెవిలో కొట్టినట్టుంది అంటారు, ఆయన గొంతు ఆయనకే బావిలోంచి వస్తున్నట్టుందంటారు, మధ్యమధ్యలో కీచుమని మోత. ఇప్పుడది సొరుగులో ఉంది. మేం మళ్లీ అరుస్తున్నాం. మామూలుగా చెప్తే ఏంటీ వినపడట్లేదంటారు, గట్టిగా చెప్తే ఎందుకలా అరుస్తావంటారు. మాకేనా ఇలా? నన్నడిగితే డబ్బు దండగ.

శ్రవణి_ఆడియో
నేను ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు సెట్ చేసేదాన్ని. ముందు ప్రదీప్ గారికి. మీ నాన్నగారు చెప్పేవన్నీ నిజమే, ఒక్కటీ మొండితనం కాదు. నరం వైపు లోపం ఉన్న చెవిలో చిన్న శబ్దం అందదు, కానీ పెద్ద శబ్దం మనకెంత పెద్దగా ఉంటుందో ఆయనకీ అంతే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దీన్ని రిక్రూట్‌మెంట్ అంటాం. వినపడనిదానికీ భరించలేనిదానికీ మధ్య జాగా కుంచించుకుపోతుంది, అందుకే అరిస్తే పని జరగదు, పైగా అరుపులో మాట రూపమే మారిపోతుంది. మామూలు గొంతుతో కాస్త నెమ్మదిగా, ముఖం కనపడేలా, ముందు పేరు పెట్టి పిలిచి తర్వాత విషయం చెప్పండి. అర్థం కాకపోతే అదే వాక్యం మళ్లీ మళ్లీ చెప్పకుండా వేరే మాటల్లో చెప్పి చూడండి.
కీచుమోత అంటే చెవిలో సరిగ్గా కూర్చోక లోపలి శబ్దం బయటికి కారి మళ్లీ మైకులో పడుతోందని. గులిమి అడ్డున్నా వస్తుంది. సొంత గొంతు బావిలో ఉన్నట్టుంటే చెవిరంధ్రం పూర్తిగా మూసేసినట్టు, చాలామందికి గాలి ఆడే డోమ్ (చెవిలో దూర్చే మెత్తని మొన) వేస్తే లేదా మోల్డ్‌లో (చెవి కొలతకి చేసిన అచ్చులో) వెంట్, అంటే గాలి రంధ్రం, పెద్దది చేస్తే తగ్గుతుంది. కాగితం మోత సెట్టింగుల్లో తగ్గించొచ్చు, కొంత అలవాటు మీద కూడా పోతుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి అందని శబ్దాల్ని మెదడు మళ్లీ జల్లెడ పట్టుకోవాలి, దానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మిషన్ కొన్న రోజుతో పని అయిపోదు, అసలు పని అక్కడ మొదలవుతుంది. కొన్నచోటికే మళ్లీ తీసుకెళ్లండి. చెవి లోపల సన్నని గొట్టం పెట్టి మిషన్ నిజంగా ఎంత ఇస్తోందో కొలుస్తారు, రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు, అది చేయమని అడగండి.

ఇక సాగర్ గారూ. లోపలి చెవిలో, అంటే కాక్లియాలో, శబ్దాన్ని నరానికి అందించే హెయిర్ సెల్స్ పుట్టుకతో సుమారు 15 వేలు ఉంటాయి. మనుషుల్లో అవి పోతే మళ్లీ పుట్టవు, అందుకే మందు లేదన్నారు. మిషన్ వల్ల చెవి బద్ధకించదు. మీ ఆడియోగ్రామ్ ప్రకారం గరిష్ఠ శబ్దం హద్దు పెట్టి సెట్ చేసినంతవరకు చెవి పాడవదు. తిరగబడేది వేరేచోట: రెండు చెవుల్లో లోపం ఉండి ఒకదానికే పెడితే, పెట్టని చెవికి మాట అర్థం చేసుకునే శక్తి కొందరిలో నెమ్మదిగా తగ్గుతుంది. పైగా శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియాలన్నా, గోలలో మాట పట్టుకోవాలన్నా రెండు చెవులూ కావాలి. మీ ఇబ్బంది అంతా గోలలోనే కదా.
ఆపరేషన్ ఎక్కువగా బయటి చెవి, మధ్యచెవి లోపాలకి: కర్ణభేరి చిల్లు, చీము, ఎముక బిగుసుకోవడం లాంటివి. మీది అది కాదు. ఒక చెవికీ రెండో చెవికీ గ్రాఫులో బాగా తేడా ఉంటే మాత్రం ఎమ్మారై తీయించి వినికిడి నరం మీద గడ్డ ఏమైనా ఉందేమో చూస్తారు.

సుధ_స్టేపిస్
నాది ఆ ఎముక బిగుసుకోవడం బాపతే, ఓటోస్క్లెరోసిస్. స్టేపిస్ అని చెవిలో అతి చిన్న ఎముక, శరీరం మొత్తంలో అంతకన్నా చిన్న ఎముక లేదంటారు, అది కదలకుండా పట్టేసింది. దానికి చిన్న రంధ్రం చేసి పిస్టన్ పెట్టారు, స్టేపిడాటమీ. నాకు బాగా కలిసొచ్చింది. కానీ ఇందులోనూ ఉన్న వినికిడి మొత్తం పోయే రిస్కు తక్కువే అయినా ఉందని డాక్టర్ సంతకానికి ముందే కూర్చోబెట్టి చెప్పారు. ఆపరేషన్ ఇష్టం లేకపోతే ఇదే జబ్బుకి హియరింగ్ ఎయిడ్ కూడా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నరం బాగుంటుంది, శబ్దం చేరితే చాలు. నేను మళ్లీ రెండో చెవికి చేయించుకోలేదు, దానికి మిషనే.

కుడిచెవి
ఈ థ్రెడ్ చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. పొద్దున లేచేసరికి కుడి చెవి దిబ్బడ వేసినట్టై హోరుమంటోంది, ఫోన్ ఆ చెవి దగ్గర పెడితే ఏమీ లేదు. మొదట చూపించినచోట జలుబు అని చుక్కలిచ్చి పంపారు. మా అక్క నర్సు, ఫోన్లో విని అదే రోజు ఆడియోగ్రామ్ తీసే చోటికి తోలింది. సడెన్ హియరింగ్ లాస్ అట, 72 గంటల్లోపు వరసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్ పడిపోతే అలా అంటారు. స్టెరాయిడ్ మాత్రలు, తర్వాత కర్ణభేరి గుండా ఇంజెక్షన్లు. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే మందుకి ఎక్కువ ఫలితం, ఎంత తొందరైతే అంత మంచిది. నాకు సగం వచ్చింది, సగం రాలేదు, హోరు ఉండిపోయింది. ఒక చెవి ఉన్నట్టుండి మూగబోతే రేపు చూద్దాంలే అనుకోకండి.

వెంకట్_ఎల్
వేడి నూనె చుక్కలు వేసి చూశారా ఎవరైనా? మా పెద్దమ్మకి తగ్గింది.

శ్రవణి_ఆడియో
మీ పెద్దమ్మగారికి గులిమి గట్టిపడి ఉంటుంది వెంకట్ గారూ, అది మెత్తబడి వినపడి ఉంటుంది, అంతవరకు నిజమే కావచ్చు. కానీ లోపల కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా ఏ చుక్కలూ వేయకూడదు, వేడివి అసలే వద్దు. ఇయర్ బడ్స్ కూడా, తీసేదానికన్నా లోపలికి తోసేదే ఎక్కువ.

మెషిన్‌షాప్_బాబు
నా గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర గుంట పడింది, చూడగానే మోతలో పనిచేస్తారా అని అడిగారు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు దాటకూడదట, అక్కడినుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైం సగానికి తగ్గించాలట. సాగర్ గారూ, మీకు హెడ్‌ఫోన్స్ అలవాటుందా?

సాగర్_48
ఉంది, కానీ మా అమ్మకి, మేనమామకి కూడా యాభైకే చెవుడు వచ్చింది, డాక్టర్ వంశపారంపర్యం అన్నారు. ఇంకో టెన్షన్, చెవుడుంటే మతిమరుపు జబ్బు వస్తుందని ఎక్కడో చదివాను. నిజమా?

రాణి_పి
ఆ భయం చూపించి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, జాగ్రత్త.

శ్రవణి_ఆడియో
రాణి గారు అన్నది కరెక్టే, కానీ విషయం ఉత్తదేం కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకి, అంటే ఆ మతిమరుపు జబ్బుకి, మనం మార్చుకోగల 14 కారణాల్లో వినికిడి లోపాన్ని కూడా లెక్కేసింది. లోపం ఉన్నవాళ్లందరికీ జబ్బు వస్తుందని దీనర్థం కాదు. మిషన్ పెడితే ఆగుతుందా అని అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్యవాళ్ల మీద మూడేళ్లు పరీక్షించారు, అచీవ్ ట్రయల్, 2023లో వచ్చింది. మొత్తం మీద చూస్తే తేడా కనపడలేదు. ముందునుంచే రిస్కు ఎక్కువున్న గుంపులో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. కాబట్టి మిషన్ కొంటే డిమెన్షియా రాదని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. మీకు ఇవాళ మీటింగులో మాట అర్థం కావట్లేదు, మిషన్ పెట్టుకోవడానికి ఆ కారణం చాలదా?

చిన్నోడి_అమ్మ
మాది వేరే దారి. మా బాబు పుట్టినప్పుడే స్క్రీనింగ్‌లో ఫెయిలయ్యాడు, తర్వాత బెరా టెస్టులో (శబ్దానికి వినికిడి నరం స్పందన కొలిచేది) రెండు చెవులూ దాదాపు పూర్తిగా లేవని తేలింది. హియరింగ్ ఎయిడ్స్ పెట్టి చూశాం, ఆ స్థాయి లోపానికి అవి అందించలేకపోయాయి, ఏడాది దాటగానే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం. ఇది హియరింగ్ ఎయిడ్‌లా శబ్దాన్ని పెంచేది కాదు, పాడైన సెల్స్‌ని దాటేసి లోపల పెట్టిన ఎలక్ట్రోడ్లతో నేరుగా నరానికే సంకేతాలు ఇస్తుంది. చాలామంది ఆపరేషన్ అయిన మర్నాడే పిల్లాడు వింటాడనుకుంటారు. గాయం మానాక కొన్ని వారాలకి స్విచాన్ చేస్తారు, ఆ రోజు వాడు ఉలిక్కిపడి ఏడ్చాడు అంతే. తర్వాత మ్యాపింగ్ (పరికరం సెట్టింగులు సరిచేయడం), థెరపీ, ఇంట్లో ప్రతి శబ్దానికీ ఆగి ఇదిగో గంట, ఇదిగో నీళ్లు అని చెప్పడం. ఇప్పుడు ఆపమన్నా ఆపడు మాటలు. పెట్టించే ముందు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) రాకుండా టీకాలు వేయిస్తారు, అవి తప్పనిసరి, ఎమ్మారై తీయాల్సి వస్తే లోపల మ్యాగ్నెట్ ఉందని ముందే చెప్పాలి.
జన్యు చికిత్స గురించి నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ రాస్తా. 2024లో లాన్సెట్‌లో వచ్చింది, ఒటోఫెర్లిన్ అనే జన్యువులో లోపంతో పుట్టిన ఆరుగురు పిల్లలకి చైనాలో చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చింది. గొప్ప విషయమే. కానీ అది ఆ ఒక్క జన్యువు లోపానికే, మా వాడిది అది కాదు. అలాంటిదేదో వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే మాట నేర్చుకునే వయసు దాటిపోతుంది.

ప్రదీప్_ఎన్
శ్రవణి గారూ, నాన్నగారిని తీసుకెళ్లాను. లోపల గులిమి ఉందట, తీసి డోమ్ మార్చారు. కీచుమోత పోయింది. రోజూ కాసేపు ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు పెట్టుకుని మెల్లగా టైం పెంచమన్నారు. ఆయన మాత్రం ఫ్యాన్ ఇంత మోత చేస్తుందా, బాగు చేయించరేం అంటున్నారు. డబ్బు దండగ అన్నమాట ప్రస్తుతానికి పక్కన పెడతా, పూర్తిగా వెనక్కి తీసుకోను.

రాణి_పి
హహ, ఫ్యాను దగ్గర అందరం ఆగాం. పక్షుల దాకా రానివ్వండి.

సాగర్_48
సరే, రెండు చెవులకీ అని ఫిక్సయ్యా. ఆఫీసులో చెప్పాలా వద్దా అని కొట్టుకుంటున్నా. చెవి వెనక పెట్టేది కాకుండా పూర్తిగా లోపల దూరిపోయేది తీసుకుంటే ఎవరికీ కనపడదు కదా?

కుడిచెవి
నేను చెప్పేశాను. నాకు ఎడమ వైపు కూర్చోండి అని చెప్పడం, వినపడక తలూపి తప్పుడు పని చేయడం కన్నా తేలిక. వీడియో మీటింగుల్లో క్యాప్షన్స్ ఆన్ చేస్తాను, గదిలో అయితే గోడకి వీపు పెట్టి అందరి ముఖాలు కనపడేచోట కూర్చుంటాను. మిమ్మల్ని చెవిటివాడనుకుంటారేమో అని భయం, ఇప్పుడు మీ గురించి ఏమనుకుంటున్నారో అది ఇంకా బాగోదు, పరధ్యానం మనిషి అనుకుంటున్నారు.

శ్రవణి_ఆడియో
లోపల దూరిపోయేవాటిలో చాలావాటికి జాగా లేక ముందూ వెనకా రెండు మైకులు పట్టవు, గోలలో ఎదుటి మనిషి మాట పట్టుకోవడానికి ఆ రెండు మైకులే సాయం చేస్తాయి. మీలా కింది ఫ్రీక్వెన్సీలు బాగున్నవాళ్లకి చెవి మూసేసేవి అంత సుఖంగా కూడా ఉండవు. చెవి వెనక చిన్న పెట్టె, రంధ్రంలోకి సన్నని తీగ ఉండే రకం చూడండి, జుట్టుంటే అదీ పెద్దగా కనపడదు. కొనేముందు ట్రయల్ అడగండి, క్లినిక్ గదిలో కాదు, మీ మీటింగులోకి తీసుకెళ్లి చూడండి. అన్ని శబ్దాల్నీ ఒకేలా పెంచే ఆంప్లిఫైయర్లు చవగ్గా దొరుకుతాయి, మీ గ్రాఫుకి అవి పనికిరావు. ఆడియోగ్రామ్ కాపీ దగ్గర ఉంచుకోండి, ఏడాదికోసారి మళ్లీ తీయించి పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

సుధ_స్టేపిస్
బ్యాటరీలు మార్చే రకం అయితే, స్టిక్కర్ పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టండి, జింక్ ఎయిర్ బ్యాటరీలు గాలితోనే పనిచేస్తాయి. స్టిక్కర్ మళ్లీ అతికిస్తే పెద్దగా మిగలదు.

మెషిన్‌షాప్_బాబు
చెమట ఎక్కువ పట్టేవాళ్లైతే తేమ పీల్చే డ్రయర్ డబ్బా కూడా అడగండి సాగర్ గారూ, కొన్నిచోట్ల అడిగితే గానీ ఇవ్వరు.