జాన్ మ్యూర్ ట్రెయిల్‌కి ముందు మార్చిలో షెనాండోవా, రెండు రాత్రులు: ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
ఆగస్టులో నేనూ మా ఆవిడా జాన్ మ్యూర్ ట్రెయిల్ (కాలిఫోర్నియా పర్వతాల్లో 211 మైళ్ల కాలిబాట) నడవాలనుకుంటున్నాం. ఉండేది వర్జీనియాలో. రిహార్సల్‌గా మార్చి చివర్లో షెనాండోవా నేషనల్ పార్కులో, అపలాచియన్ ట్రెయిల్ మీద రాక్‌ఫిష్ గ్యాప్ నుంచి ఉత్తరంగా రెండు రాత్రులు. బరువు చెరో 14 కిలోలు, స్లీపింగ్ బ్యాగులు రెండూ 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌వి, గ్యాస్ డబ్బా స్టవ్. ఇంకేం కావాలి?

జవాబు 1:
మొదటి రోజు కాఫ్ మౌంటెన్ షెల్టర్ దాకా 7 మైళ్లు, అక్కడితో ఆగండి. రెండో రోజు బ్లాక్‌రాక్ హట్ (దారి పక్క బస పాక)కి 13. మధ్యలో నీళ్లు తక్కువ, పొద్దున్నే తలా మూడు లీటర్లు నింపుకోండి. మూడో రోజు లాఫ్ట్ మౌంటెన్‌కి ఏడు దాకా. అక్కడి కొట్టు మార్చిలో తెరవరు. హట్ లోపల పడుకోవడం కనీసం మూడు రాత్రులు నడిచేవాళ్లకే, కాబట్టి టెంట్ తప్పదు. బ్యాక్‌కంట్రీ పర్మిట్ ముందే తీసుకోండి. మంచు పడితే పార్కు లోపలి రోడ్డు, స్కైలైన్ డ్రైవ్, మూసేస్తారు. మీరు లాఫ్ట్ మౌంటెన్‌లో పెట్టిన కారు దాకా చేరతారు గానీ, కారు బయటికి రాదు!

జవాబు 2:
20 అంటే ఏ 20? లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్ అని రెండంకెలుంటాయి. కంఫర్ట్ ఆడవాళ్ల లెక్క, లిమిట్ మగవాళ్ల లెక్క. పేరులో ఉండే 20 చాలా బ్యాగుల్లో లిమిట్టే. మీ శ్రీమతిగారి బ్యాగు కంఫర్ట్ చూడండి, కింద పరుపు ఆర్-వాల్యూ (నేల చలిని ఆపే శక్తి) 4కి తగ్గకూడదు.

నీటి ఫిల్టర్ తడిగా ఉండగా గడ్డకడితే లోపలి సన్నగొట్టాలు పగులుతాయి, పైకేమీ తెలీదు. రాత్రి జిప్ సంచిలో వేసి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. గ్యాస్ కూడా అంతే: బ్యూటేన్ సున్నా సెల్సియస్ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా ఆగుతుంది. డబ్బా మీది మిశ్రమం చదివి కొనండి. మంచుకన్నా నాలుగు డిగ్రీల సెల్సియస్‌లో కురిసే వాన ప్రమాదం. కాటన్ ఒక్కటి కూడా వద్దు.

జవాబు 3:
అసలు పరీక్ష బరువుది. మ్యూర్ ట్రెయిల్ రాంచ్ (తిండి అందుకునే చివరి మజిలీ) దాటాక చివరనున్న విట్నీ శిఖరం దాకా సుమారు 110 మైళ్లు, దారిలో కొట్టు లేదు. తొమ్మిది రోజుల తిండి, రోజుకి 700 గ్రాములు వేసుకున్నా మనిషికి ఆరు కిలోలు పైన. దానికి తోడు బేర్ క్యానిస్టర్ (ఎలుగుబంటి తెరవలేని తిండి డబ్బా) కిలో పైమాటే. మీ 14లో ఇప్పటి తిండి తీసేసినా అప్పటికి 19 అవుతుంది. అందుకే ఇప్పుడే నాలుగు లీటర్ల నీళ్లు అదనంగా మొయ్యండి. బరువు కోసం బియ్యం వద్దు: మోకాలు పట్టేస్తే నీళ్లయితే ఒంపేయొచ్చు. 11.5 లీటర్ల క్యానిస్టర్‌లో తొమ్మిది రోజులది పట్టదు, ఇంట్లోనే సర్ది చూసుకోండి. టూత్‌పేస్టూ, ఆవకాయ ప్యాకెట్టూ అందులోకే వెళ్లాలి మరి.

అన్నం మర్చిపోండి. 11,000 అడుగుల దగ్గర నీళ్లు 89 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి, గింజ ఉడకదు, గ్యాస్ అయిపోతుంది. పోపు వేసి వేయించిన రవ్వ 100 గ్రాములు, మరిగిన నీళ్లు 250 మిల్లీలీటర్లు, గిన్నెకి మూత పెట్టి, టోపీలో చుట్టి పది నిమిషాలు. నెయ్యి వెడల్పు మూతి సీసాలో పెట్టండి, చలికి గడ్డకడితే చెంచా దిగాలి కదా.

ప్రశ్న అడిగినవారు:
లేబుల్ చూశా. తనది కంఫర్ట్ 32. ఇంకా వెచ్చని బ్యాగు కొనాలా?

జవాబు 2:
ముందు పరుపు మార్చండి, అది చవక. పడుకునే ముందు గట్టి సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకోమనండి. అయినా చలేస్తే అప్పుడు బ్యాగు.