నేరుగా, పరోక్షంగా దొరికిన ఆధారాలు కలపొచ్చా?

ప్రశ్న (అమలాపురం): ఫైలేరియా మందులపై సమీక్ష రాస్తున్నామండి. అంకెలు ఉదాహరణకే. పాత మందుతో పోలిస్తే ‘క’ ఆడ్స్ రేషియో (రెండు గుంపుల్లో ఫలితం కలిగే అవకాశాల నిష్పత్తి) 0.50, ‘గ’ది 0.80. లాగ్ (సంవర్గమానం) స్కేలు మీద స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాలో అనిశ్చితి ఎంతో చెప్పే కొలత) 0.20, 0.15. క, గలను ముఖాముఖి పోల్చిన ట్రయల్ ఒక్కటే: 0.90, ఎర్రర్ 0.25. అన్నీ కలిపేయొచ్చా?

జవాబు (కాకినాడ): 0.50ని 0.80తో భాగించండి, 0.625. ఇది పాత మందు మీదుగా వచ్చిన పరోక్ష అంచనా. చాలామంది తప్పేది ఎర్రర్ దగ్గరే: తీసివేయకూడదు, వర్గాలు కూడాలి. 0.04 + 0.0225 = 0.0625, వర్గమూలం 0.25. అంటే 95% అవధి (అసలు విలువ ఉండగల పరిధి) 0.38 నుంచి 1.02. ముఖాముఖి, పరోక్ష ఎర్రర్లు రెండూ 0.25 కనుక లాగ్‌ల సగటు చాలు: 0.75, అవధి 0.53–1.06. ‘క’ తీసుకున్నవాళ్లను మాత్రం విడదీసి ‘గ’వాళ్లతో పోల్చొద్దండి, రాండమైజేషన్ (లాటరీలా మందు కేటాయించడం) వల్ల వచ్చే లాభం పోతుంది.

జవాబు (భీమవరం): కలిపే ముందు ముఖాముఖి, పరోక్ష అంచనాల మధ్య పొంతన చూడాలి కదండీ. లాగ్‌ల తేడా 0.365, దాని ఎర్రర్ 0.354, జెడ్ (తేడాను ఎర్రర్‌తో భాగిస్తే వచ్చేది; 1.96 దాటితేనే తేడా తేలినట్టు) 1.03. తేడా తేలలేదు, అంతే. పొంతన ఉన్నట్టు రుజువు కాదు. ఇంత తక్కువ ట్రయల్స్‌తో ఈ పరీక్షకు బలం ఉండదు.

అసలు చిక్కు పాత మందు దగ్గర. అంబాజీపేటలో ఒక తూకంరాయి, రావులపాలెంలో ఇంకోటైతే కొబ్బరి లెక్క తేలుతుందా? రెండు చోట్లా డోసు, గడువు ఒకటేనా? మైక్రోఫైలేరియా (ఫైలేరియా పురుగు పిల్లలు) రక్తంలో ఎక్కువగా కనిపించేది రాత్రే కదా, రక్తం రాత్రే తీశారా? ఒకచోట 20 మైక్రోలీటర్ల చుక్క, ఇంకోచోట 1 మి.లీ. వడపోత అయితే, పలచగా ఉన్న మైక్రోఫైలేరియా చుక్కలో దొరక్కపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: ‘గ’ ట్రయల్‌లో చుక్కేనండి, ‘క’లో వడపోత.

జవాబు (భీమవరం): అయితే 0.75 రాయకండి. ముఖాముఖి ట్రయల్ ఫలితాన్ని విడిగా ఇవ్వండి.